నా నట్టు తిప్పిందెవరు?

నేను ఒక మోటారుసైకిల్ క్లచ్ లీవర్ని. హ్యాండిల్‌కి ఎడమ పక్కన ఉంటాను. జానెడు పొడవు, చివర గోళీకాయంత గుండు. గేరు మార్చాలంటే ఎడమ చేతి వేళ్ళతో నన్ను లోపలికి లాగాలి, మార్చాక మెల్లగా వదలాలి. నా పని అంతే. కానీ నాకు కోపమొస్తే ఇంజనుది ఒక దారి, చక్రానిది ఒక దారి. ఈ సంగతి మీలో నూటికి ఒక్కరికి కూడా పట్టదు. ట్యాంకును పసిపిల్లను తుడిచినట్టు తుడుస్తారు, అద్దంలో తల దువ్వుకుంటారు, హారన్ మోగకపోతే ప్రాణం పోయినట్టు మెకానిక్ దగ్గరికి పరిగెడతారు. నా వంక చూసేవాడు లేడు.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు అనుమానం ఎక్కువ. అనుమానం పెనుభూతం అని మీరే అంటారు. నిజమే, కానీ ఆ భూతం నాకు పుట్టుకతో రాలేదు, మీ చేతుల వల్ల పట్టింది. ముఖంతో మనిషి ఎన్ని వేషాలైనా వెయ్యగలడు. చేతి పట్టుతో వెయ్యలేడు. భయపడేవాడు నన్ను వదలడు, తొందరపడేవాడు ఠక్కున వదిలేస్తాడు, అబద్ధమాడేవాడి అరచేయి చెమ్మగా ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్న చదువు ఇది.

నన్ను పోత పోసిన అల్యూమినియంలో ఎవరింటి అన్నం గిన్నెలు కరిగాయో, ఏ కిటికీ చట్రాలు కరిగాయో నాకు తెలియదు. వేడివేడిగా అచ్చులోకి పోశారు, చల్లార్చారు, అంచులు అరగదీశారు, ఒకాయన నన్ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి డబ్బాలో పడేశాడు. ఆయన చూపులోనే మొదటిసారి అనుమానం చూశాను. బహుశా అక్కడే అంటుకుందేమో.

నా మొదటి యజమాని విత్తనాల కంపెనీలో తిరుగుడు ఉద్యోగి. నన్ను సగం లాగి పట్టుకుని, బండి ముందుకీ వెనక్కీ ఊపుతూ, టీకొట్టు దగ్గర గంటల తరబడి కబుర్లు చెప్పేవాడు. లోపల క్లచ్ ప్లేట్లు మాడిపోతే తప్పు నాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! తర్వాత ఒక లెక్చరరు చేతికి వచ్చాను. ఆయన శుక్రవారం శుక్రవారం బండి కడిగి, నిమ్మకాయ కట్టి, మళ్ళీ శుక్రవారం దాకా బయటికి తీసేవాడు కాదు. ఒకసారి స్టాండు సరిగా వెయ్యక పడేస్తే నేను వంగిపోయాను, గోడకు ఆనించి రాయితో కొట్టి సరిచేశాడు. ఇంకో ఇద్దరి సంగతి చెప్పుకోదగ్గది కాదు. చివరికి జమ్మికుంటలో పాత బండ్ల దుకాణానికి చేరాను. దుకాణదారు నన్ను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్ళందరికీ ఇది ఒక్క చేతి బండి అని దేవుడి మీద ఒట్టేసి చెప్పేవాడు. అప్పటికి నా మీద నాలుగు చేతులు పడ్డాయి, ఆయనది అయిదోది.

అలాంటి చోటికి ఒక మధ్యాహ్నం సుగుణ వచ్చింది.

నలభై ఎనిమిదేళ్ళుంటాయి. నేత చీర, చేతిలో గుడ్డ సంచి, వెనకాల సైకిలు నడిపించుకుంటూ మొగుడు. మొగుడి పేరు చంద్రమౌళి, బజారులో దర్జీ. చెవి మీద పెన్సిలు, మెడలో టేపు, వేళ్ళకి సుద్ద. ఇరవయ్యేళ్ళ వయసులో తను పాల సూపర్వైజరు పని చేశాననీ, ఆరేళ్ళు గేరు బండి మీద ఊరూరూ తిరిగి పాల కేంద్రాల్లో వెన్న శాతం చూసేదాన్ననీ సుగుణ దుకాణదారుకు చెప్పింది. ఇరవై రెండేళ్ళ కింద మానేశానంది. ఇప్పుడు కొత్తగా పెట్టిన ఒక పాల డెయిరీ వాళ్ళు అలాంటి పనికే పిలిచారట. కాలవ గట్ల మీద, బురద బాటల మీద తిరిగే పని కాబట్టి గేరు బండి రావాలి, దానికి లైసెన్సు ఉండాలి. ఆమె పాత లైసెన్సు గడువు ఎప్పుడో దాటిపోయింది కనక మళ్ళీ మొదటి నుంచీ పరీక్ష ఇవ్వాలి. నెలాఖరులోపు లైసెన్సు చూపిస్తే ఉద్యోగం ఆమెది, లేకపోతే ఆ వరసలో తర్వాతి మనిషిది.

దుకాణదారు నవ్వు దాచుకున్నాడు. నేనైతే దాచుకోలేదు. గొప్పలు చెప్పేవాళ్ళను ఎంతమందిని చూడలేదు! ఆమె నన్ను పట్టుకోగానే నా అనుమానం రెట్టింపైంది. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి. ఎడమ చూపుడువేలి చివర సూదిపోట్లతో గరుకెక్కింది. బండి తోలిన చెయ్యి ఇలా ఉండదు, ఇది కూర్చుని అంచులు కుట్టిన చెయ్యి. ఇరవై రెండేళ్ళుగా మొగుడు కుట్టిన బట్టలకు కాజాలూ హుక్కులూ ఆమే వేస్తోందని ఆ తర్వాత మాటల్లో తెలిసింది.

బండి కొన్నారు. వాకిట్లో, గోడ పక్కన నాకో చోటు దొరికింది.

ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే జవాబు చంద్రమౌళే చెప్పేవాడు. మెకానిక్ జహంగీర్ అడిగితే, ఊరి మలుపులో ఒక బర్రె అడ్డమొచ్చిందనీ, అప్పటి నుంచి ఆమెకు భయం పట్టుకుందనీ చెప్పాడు. పక్కింటావిడ అడిగిన రోజు అది బర్రె కాదు, ఎద్దు. చిట్టీల ఆయన అడిగిన రోజు ఏకంగా ట్రాక్టరయింది. సుగుణ పక్కనే నిలబడి వినేది. అవుననేది కాదు, కాదనేది కాదు. నన్ను పట్టుకున్న చెయ్యి మాత్రం బిగుసుకునేది. బర్రె ట్రాక్టరుగా మారిందంటే మధ్యలో ఏదో మతలబు ఉందని నాకు అర్థమైంది.

మొదటి వారం అబ్బా, నా ఒళ్ళు హూనమైంది. పత్తి మార్కెట్ యార్డులో సాయంత్రాలు నేర్చుకునేది. ఒక్కసారిగా వదిలేసేది, బండి కప్పలా ఎగిరి ఆగిపోయేది. జహంగీర్ చేతులు కట్టుకుని చూస్తూ, అక్కా నీకు స్కూటీ చాలు అనేవాడు. ఆమె చీర కొంగు బిగించి మళ్ళీ కిక్కు కొట్టేది. తొమ్మిదో రోజు అనుకుంటా, యార్డు చివర పత్తి బోరాల మధ్య ఇరుకు సందులో తిరగాల్సి వచ్చింది. అప్పుడు ఆమె నాలుగు వేళ్ళూ తీసేసి రెండే వేళ్ళతో నన్ను పట్టుకుంది. పూర్తిగా లాగలేదు, పూర్తిగా వదల్లేదు. సగంలో ఆపి, వెంట్రుకవాసి లాగుతూ వదులుతూ, నడిచే మనిషి కన్నా నెమ్మదిగా బండిని ఆ సందులోంచి తీసుకొచ్చింది. కాలు కింద పెట్టలేదు. నేను నివ్వెరపోయాను. ఆ పట్టు ఎవరూ నేర్పరు. బురదలో, పాల సీసాల పెట్టె వెనక కట్టుకుని, పడితే ఎత్తేవాళ్ళు లేని చోట తిరిగితేనే వస్తుంది. ఆమె చెప్పింది నిజమే. ఆమె తోలింది.

నేను ఒక మనిషిని నమ్మడం అదే మొదలు. మరి నమ్మిన మూడో రోజుకే అసలు గొడవ మొదలైంది.

నా మెడ దగ్గర, వైరు మొదట్లో ఒక చిన్న నట్టు ఉంటుంది. దాన్ని ఒక వైపు తిప్పితే వైరు బిగుస్తుంది, ఇంకో వైపు తిప్పితే వదులవుతుంది. వైరు బిగువుగా ఉంటేనే నన్ను లాగినప్పుడు ఇంజనూ చక్రమూ విడిపోతాయి. వదులైతే నేను ఊరికే ఊగుతాను, ఆమె ఎంత లాగినా అవి విడిపోవు. గేరు వేస్తే ధడ్‌మంటుంది, ఆపబోతే ఇంజను చచ్చిపోతుంది. పరీక్ష నాలుగు రోజులుందనగా చంద్రమౌళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాడు. తిని చెయ్యి కడుక్కున్నాడు. సుగుణ పెరట్లో గిన్నెలు తోముతోంది, ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అతను మెల్లగా వాకిట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి నా నట్టును రెండు చుట్లు వదులు చేశాడు. కుట్టుమిషను నూనె బుడ్డితో వైరులో నాలుగు చుక్కలు వేశాడు. తర్వాత తన చిటికెన వేలితో నన్ను లాగి చూసుకుని, తల ఊపుకుంటూ సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నా రక్తం ఉడికిపోయింది. రక్తం లేదనుకోండి, నూనె ఉడికింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. పట్టి ఏం లాభం, నోరు లేదే! ఆ సాయంత్రం యార్డులో బండి పదిసార్లు ఆగిపోయింది. సుగుణ బండిని అనుమానించలేదు, నట్టును అనుమానించలేదు, మొగుణ్ణి అసలే అనుమానించలేదు. తన చేతినే అనుమానించింది. ఎడమ చేతిని ముఖం ముందు పెట్టుకుని చాలాసేపు చూసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

జహంగీర్ నట్టు బిగించాడు. మర్నాడు మధ్యాహ్నం దర్జీ మళ్ళీ వదులు చేశాడు.

పరీక్షకు బండిని ట్రాలీ ఆటోలో జిల్లా కేంద్రానికి తీసుకుపోయారు. పొద్దున్నే జహంగీర్ నన్ను సరిచేసి ఎక్కించాడు. సుగుణ ముందు డ్రైవరు పక్కన కూర్చుంది. బండి పడిపోకుండా పట్టుకుంటానని చంద్రమౌళి వెనక నాతో పాటు ఎక్కాడు. ఎక్కినవాడు ఊరు దాటగానే ప్లేయర్ తీశాడు. ఈసారి మూడు చుట్లు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. నేను చూస్తూనే ఉన్నాను.

నేల మీద సున్నంతో ఎనిమిది అంకె గీసి ఉంది. దాని మీద కాలు కింద పెట్టకుండా తిరిగి రావాలి. దిగీ దిగగానే ఆమె పేరు పిలిచారు. మొదటి వంపు సగంలో ఆమె రెండు వేళ్ళూ నన్ను సగానికి లాగాయి, అక్కడ నాలో ఏమీ లేదు, ఉత్త ఊపు. కంగారుగా నాలుగు వేళ్ళూ వేసి మొత్తం లాగింది. ఇంజను చచ్చిపోయింది. ఆమె ఎడమ కాలు సున్నం గీత మీద పడింది. ఏడు రోజుల తర్వాత రమ్మన్నారు. ఆ ఏడో రోజు దాటితే నెలాఖరు కూడా దాటిపోతుంది. అంటే మిగిలింది ఒక్క అవకాశం.

తిరుగు దారిలో చంద్రమౌళి దిగాలుగా కూర్చున్నాడు. నటన అనుకున్నాను.

ఆ వారమంతా మా వాకిట్లో అనుమానాల సంత. బండిలో లోపముందని జహంగీర్ దుకాణదారును అనుమానించాడు. సరిగా బిగించలేదని సుగుణ జహంగీర్‌ని అనుమానించింది. దిష్టి అని పక్కింటావిడ ఊరినే అనుమానించింది. చివరికి జహంగీర్ నా నట్టును వేలితో తట్టి సుగుణతో ఒక మాటన్నాడు.

"నట్టు దానంతట అది తిరగదక్కా. ఎవరో తిప్పుతున్నరు."

ఆ రోజు నట్టు సుగుణే బిగించుకుంది. లోపలికి వెళ్ళి సూదిలో తెల్లదారం ఎక్కించుకొచ్చి, నా నట్టుకూ పక్కనున్న బిగింపుకూ కలిపి రెండు పేటలుగా చుట్టి, ముడి వేసి, పళ్ళతో కొరికింది. నట్టు తిరిగితే దారం తెగుతుంది. భలే! అనుకున్నాను. ఇక దొరికాడు.

రెండో పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. దారాన్ని చూశాడు. ఆగుతాడనుకున్నాను, ఆగలేదు. తెంపుతాడనుకున్నాను, అదీ చెయ్యలేదు. నట్టు కదలకుండా పెళ్ళాం కట్టుకున్న కట్టనుకున్నాడో ఏమో, గోటితో ముడి విప్పి, నట్టు రెండు చుట్లు తిప్పి, అదే దారాన్ని మళ్ళీ చుట్టి, ఆమె వేసినదానికన్నా శుభ్రంగా ముడి వేసి పోయాడు. దారం ఎక్కడా తెగలేదు కదా, ఆమె ఏం చూసి పట్టుకుంటుంది?

సాయంత్రం సుగుణ వచ్చింది. దారం ఉంది. చెయ్యి తీసేయబోయి, వంగి ముడిని చూసింది. అలాగే వంగి ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళు అతను కుట్టి ఆపిన చోటనుంచే ఆమె కుట్టడం మొదలుపెట్టింది. అతని ముడి ఆమెకు తెలియదా? దర్జీ ముడి ఎడమవైపుకు పడుకుంటుంది, ఆమెది నిలువుగా ఉంటుంది. ఆ తేడా చూడగలిగిన మనిషి ఈ భూమి మీద ఒక్కతే.

ఆమె కిక్కు కొట్టింది. వదులు క్లచ్‌తోనే, గేర్లు ధడ్ ధడ్‌మంటుండగా బజారులోకి తెచ్చి, దర్జీ కొట్టు గడప ముందు ఆపింది. స్టాండు వేసింది. లోపల చంద్రమౌళి మిషను తొక్కుతున్నాడు.

"ఈ ముడి ఎవలిది?" అంది.

అతను గడప దాకా వచ్చి చూశాడు. "నాదే."

"నట్టు నువ్వే తిప్పినవ్."

"నేనే తిప్పిన."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూశాను గాని, అడగ్గానే ఒప్పుకునే దొంగను చూడ్డం అదే మొదలు. సుగుణకు కూడా అదే మొదలనుకుంటాను. ముడి మీద వేలు పెట్టి అడిగింది.

"నేను పోవుడు నీకు ఇష్టం లేకుంటే మొఖం మీద చెప్పు. అప్పుడు చెప్పినవ్ గద. మీ చిన్నాయన బిడ్డ పెండ్లికి నా వెనక కూసొని వచ్చినందుకు నలుగురు నవ్విండ్రని, తెల్లారి బండి అమ్ముదామన్నవ్. అమ్మినం. ఆ పైసలతోని ఈ మిషిన్లు కొన్నం. ఏ బర్రె అడ్డం రాలే. ఊరందరికి నేను భయపడ్డ అని చెప్పినవ్, నేను నోరిప్పలే. గిప్పుడు దొంగతనంగ నట్టు తిప్పుడెందుకు?"

బజారులో మనుషులు ఆగారు. చంద్రమౌళి చెవి మీది పెన్సిలు తీసి చేతిలో పట్టుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియనట్టు మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"ఇష్టం లేక కాదు సుగుణా. రోజూ పొద్దుమూకినంక నువ్వు ఎడమ చెయ్యి ఉప్పునీళ్ళల్ల పెట్టుకుంటున్నవ్. వేళ్ళు ముడుచుకుంటలేవు. చూసిన. ఆ వేళ్ళు నా కాజాలు కుట్టే గట్లయినయ్." అతను మిషను వైపు చెయ్యి చూపించాడు. "దారం బిగువుంటె మిషిను బరువు నడుస్తది. జర వదులు చేస్తె మెత్తగ నడుస్తది. గదీ గట్లనే అనుకున్న. చెప్తె వద్దంటవని చెప్పలే. నీకు నొప్పి తక్కువుంటదని..."

అతనే మళ్ళీ అడిగాడు.

"జరంతన్న మెత్తగైందా?"

నన్ను అడగండి చెబుతాను, ఆ ప్రశ్న విన్నాక కూడా నేను ఇంకా బిగుసుకునే ఉన్నాను. నమ్మలేదు. మనిషి మాటను నేనంత తేలిగ్గా నమ్మను. కానీ అతను ప్రతిసారీ నట్టు తిప్పాక చిటికెన వేలితో నన్ను లాగి చూసుకునేవాడు. చెడగొట్టాలనుకునేవాడికి ఆ పని దేనికి? చిటికెన వేలికి కూడా బరువనిపించకూడదని చూసుకున్నాడన్నమాట. సైకిలు తప్ప ఇంకోటి ఎక్కని మనిషి. దారం తప్ప ఇంకో బిగువు తెలియని మనిషి. ఇన్ని చేతుల్ని చదివానని విర్రవీగాను గాని, ఆ చిటికెన వేలిని మాత్రం తప్పు చదివాను. నాకు సిగ్గేసింది.

సుగుణ వెంటనే కరిగిపోలేదు. ఇరవై రెండేళ్ళ మంట ఒక్క మాటకు ఆరుతుందా? ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా మీద పెట్టింది. తన చేత్తో నట్టు బిగించింది. లాగమంది. అతను లాగాడు. ఇంత గట్టిగానా అన్నట్టు ఆమె ముఖం చూశాడు.

"గట్టిగనే ఉండాలె. మెత్తగైతే బండి నా మాట వినది," అంది. "నీ మెత్తదనంతోనే మొన్న ఫెయిలైన."

అతని ముఖం చూడలేకపోయాను. అతను కొట్టు మూసి, ఆమె పక్కన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ మర్నాడు ట్రాలీలో మాత్రం వెనక ఎక్కనని, జహంగీర్‌నే ఎక్కమని, తను ముందు సుగుణ పక్కన కూర్చున్నాడు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది పాపం.

రెండో పరీక్ష. మళ్ళీ ఆ సున్నం ఎనిమిది. నేను బిగువుగా, రాయిలా ఉన్నాను. ఆమె రెండు వేళ్ళు నా మీద పడ్డాయి. నన్ను సగానికి లాగి అక్కడే పట్టుకుంది. మొదటి వంపులో వేళ్ళు వణకడం మొదలైంది. నడిమి గీత దాటేసరికి కణుపుల్లో నొప్పి నాకు కూడా తెలుస్తోంది. ఇంకాస్త వదులుగా ఉంటే బాగుండునేమో అని, ఛీ, నాకే ఒక్క క్షణం అనిపించింది. దర్జీ బుద్ధి నాకూ అంటుకుంది. రెండో వంపులో బండి పక్కకు ఒరిగింది, ఆమె ఎడమ మోకాలు కిందికి దిగబోయింది. దిగలేదు. వెంట్రుకవాసి వదిలింది, చక్రానికి ఊపొచ్చింది, బండి లేచి నిలబడింది. ఎనిమిది పూర్తయింది. గీత దాటి ఆఫీసరు బల్ల ముందుకొచ్చి, ఒక కాలు కింద పెట్టి ఆగింది. ఇంజను నడుస్తోంది, బండి ఇంకా గేరులోనే ఉంది, నన్ను మొత్తం లాగి పట్టుకునే ఉంది.

చంద్రమౌళి కాగితాల కవరు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆఫీసరు సంతకం పెట్టి, పాత లైసెన్సు నకలు తిరగేసి చూసి, ఆమె వంక తలెత్తాడు. పట్టు చూస్తే మంచి అలవాటున్న చెయ్యిలా ఉందన్నాడు. ఇన్నేళ్ళు ఎందుకు మానేశావమ్మా అని, ఊరికే, మాటవరసకు అడిగాడు.

సుగుణ తల దించుకుంది. ఆ ప్రశ్నకు ఆమె ఎన్నడూ జవాబు చెప్పలేదు. చెప్పేవాడు పక్కనే ఉన్నాడు. ఈసారి ఏ జంతువు వస్తుందోనని నేను చూస్తున్నాను.

"ఆమె మానలే సార్," అన్నాడు చంద్రమౌళి. "నేనే మాన్పించిన. ఆమెకు భయం లేకుండె. నాకే సిగ్గుండె."

సుగుణ వేళ్ళు నా మీద నుంచి జారిపోయాయి. బండి ఒక్క ఎగురు ఎగిరి, ఆఫీసరు బల్లకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఆమె రెండో కాలు కూడా నేల మీద పడింది. నన్ను మళ్ళీ పట్టుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

ఆఫీసరు ఉలిక్కిపడి కాగితం వైపు చూశాడు. సంతకం అప్పటికే పడిపోయింది.